సిట్రోనెల్లా: ఆవిరయ్యేదాకానే అండ

వానలు మొదలై ఊళ్లలో జ్వరాల వార్తలు రాగానే మందుల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో ఒక వాసన గుప్పుమంటుంది. నిమ్మతొక్క ఘాటు, పచ్చిగడ్డి వాసన, కాస్త గులాబీ తీపి కలగలిసిన వాసన అది. పిల్లల చొక్కాలకు అంటించే బిళ్లలు, చేతికి తొడిగే రబ్బరు పట్టీలు, ఒంటికి రాసుకునే రోల్-ఆన్‌లు, కొవ్వొత్తులు, అగరుబత్తులు, నేల తుడిచే ద్రావణాలు అన్నిట్లోనూ అదే ఉంటుంది. అన్నిటి మీదా పచ్చటి ఆకు బొమ్మ, పక్కనే 'సహజమైనది', 'రసాయనాలు లేనిది' అనే మాటలు కనిపిస్తాయి. ఆ వాసన సిట్రోనెల్లా అనే గడ్డి నుంచి తీసిన సుగంధ తైలానిది. నమ్మేవాళ్లు దోమలకు ఇంతకు మించిన మందు లేదంటారు. నమ్మనివాళ్లు ఇదంతా వట్టి వాసన వ్యాపారం అంటారు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం. దోమను దూరంగా ఉంచే గుణం ఈ నూనెకు నిజంగానే ఉంది. కాకపోతే ఎంత త్వరగా పనిలోకి దిగుతుందో అంత త్వరగానే ఒంటిని విడిచి గాలిలో కలిసిపోతుంది. దీని ఉపయోగాలు, పరిమితులు, తీసుకోవలసిన జాగ్రత్తలు అన్నీ ఈ ఒక్క లక్షణం చుట్టూనే తిరుగుతాయి. అది అర్థమైతే ఈ సీసాను ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలో, ఎప్పుడు పక్కన పెట్టి మరో దారి చూసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

గడ్డి నుంచి సీసా దాకా

సిట్రోనెల్లా మన పెరళ్లలో కనిపించే నిమ్మగడ్డికి దగ్గరి చుట్టం. రెండూ సింబోపోగాన్ అనే ఒకే ప్రజాతిలోని గడ్డి జాతులు. అయినా రెండూ ఒకటి కావు. టీలో వేసుకునేది నిమ్మగడ్డి. దాని నూనెలో దాదాపు ముప్పాతిక వంతు సిట్రాల్ అనే పదార్థమే. సిట్రోనెల్లా నూనెలో ప్రధానమైనవి సిట్రోనెల్లాల్, జెరానియోల్, సిట్రోనెల్లోల్ అనే మూడు. మళ్లీ సిట్రోనెల్లాలోనూ రెండు రకాలున్నాయి. శ్రీలంక రకాన్ని సింబోపోగాన్ నార్డస్ అని, జావా రకాన్ని సింబోపోగాన్ వింటరియానస్ అని అంటారు. శ్రీలంక రకం నూనెలో సిట్రోనెల్లాల్ సుమారు 5 నుంచి 15 శాతం ఉంటే, జావా రకంలో 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. మన దేశంలో రైతులు ఎక్కువగా వేసేది జావా రకమే. అస్సాం వంటి ఈశాన్య రాష్ట్రాల్లో దీని సాగు చాలాకాలంగా ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్ కొత్త రకాలను రూపొందించి రైతులకు అందిస్తోంది. ఆ సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లోనూ పరిశోధన కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ చేపట్టిన అరోమా మిషన్‌లో సిట్రోనెల్లా కూడా ఒక పంట.

కోసిన గడ్డిని పెద్ద పాత్రలో కుక్కి అడుగు నుంచి ఆవిరి పంపిస్తారు. ఆవిరి ఆకుల్లోని నూనెను తనతోపాటు మోసుకువస్తుంది. చల్లబరిచినప్పుడు నీళ్లు కిందికి, నూనె పైకి విడిపోతాయి. వంద కిలోల గడ్డికి నూనె కిలో అటూ ఇటుగా దిగుతుంది. అంటే 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలో దాదాపు కిలో గడ్డి సారం ఉందన్నమాట. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. గడ్డిని చేత్తో నలిపి వాసన చూడటం ఒకటి, దాని సారాన్ని నూరు రెట్లు చిక్కబరిచి చర్మానికి పూయడం మరొకటి. మొదటిది సహజం కాబట్టి రెండోదీ అంతే నిరపాయం అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అసలు 'రసాయనాలు లేనిది' అన్న మాటకే అర్థం లేదు. సిట్రోనెల్లాల్ కూడా రసాయనమే. గడ్డి తయారుచేసినంత మాత్రాన అది రసాయనం కాకుండా పోదు.

ఈ నూనె వ్యాపారం నిలబడింది కేవలం దోమల మీదే కాదు. సబ్బులకు, డిటర్జెంట్లకు, నేల తుడిచే ద్రావణాలకు చవకగా దొరికే తాజా వాసన ఇదే. పరిమళ ద్రవ్యాల పరిశ్రమకు ఇది ముడిసరుకు కూడా. ఇందులోని జెరానియోల్‌తో గులాబీ పరిమళాలు చేస్తారు. సిట్రోనెల్లాల్ నుంచి హైడ్రాక్సీ సిట్రోనెల్లాల్ అనే పూల వాసన పదార్థాన్ని, మెంథాల్‌ను కూడా తయారు చేయవచ్చు. కాబట్టి దోమల విషయంలో దీని పరిమితులు చెబితే గడ్డి వేసిన రైతు నష్టపోతాడన్న భయం అక్కర్లేదు. ఈ నూనెకు సబ్బుల మార్కెట్టు, అత్తరుల మార్కెట్టు ఎప్పటినుంచో ఉన్నాయి. అబద్ధపు హామీ మీద కట్టిన గిరాకీయే ఏదో ఒకనాడు కూలుతుంది.

దోమ ముక్కు, మన గడియారం

దోమ మనల్ని కళ్లతో మాత్రమే వెతకదు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువు, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, చర్మం మీది వాసనలు, ఒంటి వేడి దానికి దారి చూపిస్తాయి. సిట్రోనెల్లా ఆవిరి దోమ మీసాల్లోని వాసన గ్రాహకాలను తాకి ఆ ఆనవాళ్లను పసిగట్టనీయకుండా చేస్తుంది, దానికి చిరాకూ కలిగిస్తుంది. ఈ మందు దోమను చంపదు, దారి మళ్లిస్తుంది. అలా మళ్లించాలంటే నూనె చర్మం మీదినుంచి లేచి గాలిలో ఉండాలి. అందుకే ఆవిరైపోయే గుణమే ఈ నూనెకు ప్రాణం. ఆ గుణం వల్లే రాసిన మరుక్షణం పని మొదలవుతుంది. ఆ గుణం వల్లే కాసేపటికి చర్మం మీద పనికొచ్చేంత నూనె మిగలదు.

ఆ కాసేపు ఎంత? అమెరికాలో 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన పరీక్ష దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. 15 మంది వాలంటీర్లు రకరకాల దోమల మందులు చేతికి పూసుకుని, ఆకలితో ఉన్న ఈడిస్ ఈజిప్టై దోమల పంజరంలో చెయ్యి పెట్టారు. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చే దోమ అదే. డీట్ అనే రసాయనం 23.8 శాతం ఉన్న మందు సగటున 301 నిమిషాలు, అంటే అయిదు గంటలు కాపాడింది. 2 శాతం సోయా నూనె ఉన్నది 94 నిమిషాలు నిలబడింది. 10 శాతం సిట్రోనెల్లా ఉన్నది 20 నిమిషాలు కూడా దాటలేదు. మందు పట్టించిన చేతిపట్టీలైతే దాదాపు ఏ రక్షణా ఇవ్వలేదు. 2011లో అంతకుముందు జరిగిన 11 పరిశోధనలను ఒకచోట చేర్చి చూసిన సమీక్షలోనూ ఇదే తేలింది. ఈడిస్ దోమ విషయంలో డీట్ కంటే సిట్రోనెల్లా రక్షణ నాలుగు గంటలకు పైగా తక్కువ.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. పంజరంలో ఆకలి దోమల మధ్య చెయ్యి పెట్టడం ఎక్కడ, మన వరండాలో తిరిగే నాలుగు దోమలెక్కడ? న్యాయమైన ప్రశ్నే. దోమలు తక్కువగా ఉన్నచోట ఏ మందైనా ఇంకాస్త ఎక్కువసేపు పనిచేస్తుంది. కాని అది అన్ని మందులకూ వర్తించే వెసులుబాటు. 20 నిమిషాల మందు 40 నిమిషాలు నిలిచే చోట అయిదు గంటల మందు కూడా ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. వాటి మధ్య వరస మారదు. పైగా డెంగీ రావడానికి వంద దోమలు కుట్టనక్కర్లేదు, వైరస్ మోస్తున్న ఒక్క దోమ చాలు.

ఇక్కడ మన ముక్కు మనల్ని మోసం చేస్తుందన్న సంగతి కూడా గమనించాలి. ఈ వాసనను మన ముక్కు అతి కొద్ది మోతాదులోనూ పట్టేస్తుంది. రాసుకున్న గంట తర్వాత కూడా చొక్కా దగ్గర వాసన తగులుతూ ఉంటుంది. కాని దోమను ఆపడానికి కావలసినంత ఆవిరి అప్పటికే అయిపోయి ఉంటుంది. 'ఇంకా వాసన వస్తోంది కదా' అనుకుని పిల్లాణ్ని పార్కులో వదిలేసే తల్లిదండ్రులు లేని రక్షణను ఉందనుకుంటున్నారు. సిట్రోనెల్లా వాడేవాళ్లు ముక్కును కాదు, గడియారాన్ని నమ్మాలి.

కొవ్వొత్తులు, పట్టీలు, కుండీ మొక్కలు

ఒంటికి రాసుకున్న నూనెకే ఇంత తక్కువ ఆయుష్షు ఉంటే, కాస్త దూరంలో వెలిగించిన కొవ్వొత్తి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కెనడాలోని ఒంటారియోలో ఆరుబయట చేసి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సిట్రోనెల్లా కొవ్వొత్తులు దోమకాటును 42 శాతం తగ్గించాయి. బాగానే ఉందనిపిస్తుంది. కాని అదే అధ్యయనంలో ఏ నూనే కలపని మామూలు కొవ్వొత్తులు కూడా 23 శాతం తగ్గించాయి. మంట నుంచి వచ్చే వేడి, తేమ, బొగ్గుపులుసు వాయువు దోమలను మనిషి నుంచి కొంత పక్కకు లాగి ఉండవచ్చు. అంటే కొవ్వొత్తి ఇచ్చిన ఫలితంలో సగానికి పైగా మంటదే. 2017లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఈడిస్ దోమల మీద చేసిన పరీక్షలోనైతే సిట్రోనెల్లా కొవ్వొత్తి వల్ల చెప్పుకోదగ్గ ఫలితమే కనిపించలేదు. చేతికి తొడిగే పట్టీలకూ అదే గతి. పట్టీ మణికట్టు దగ్గర ఆవిరి వదిలితే దోమ మోచేతి మీద వాలుతుంది. దోమ వెతికేది వాసన లేని చోటునే. ఆవిరి కప్పని చర్మం ఏదైనా దానికి తెరిచిన తలుపే.

నర్సరీల్లో 'దోమల మొక్క' అని అమ్మే కుండీల సంగతీ ఇంతే. అలా అమ్మేవాటిలో కొన్ని అసలు సిట్రోనెల్లా గడ్డే కాదు, అలాంటి వాసన వచ్చే జెరేనియం మొక్కలు. నిజమైన గడ్డే అయినా దాని నూనె ఆకు లోపలి కణాల్లో భద్రంగా ఉంటుంది. ఆకు నలిగితేనే బయటికి వస్తుంది. బాల్కనీలో కదలకుండా నిలబడిన మొక్క దోమను తరిమేంత ఆవిరిని గాలిలోకి వదలదు. మొక్క పెంచడంలో తప్పేమీ లేదు. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవకుండా చూసుకోవాలి, అంతే. అలా నిలిస్తే దోమలను తరమడానికి తెచ్చిన మొక్కే వాటికి పురిటిగది అవుతుంది. అనుకూలమైన వాతావరణంలో ఈడిస్ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు.

సహజమైతే చాలదా?

ఇంతవరకూ చదివిన పాఠకులు కొందరికి ఒక సందేహం రావచ్చు. తక్కువసేపే పనిచేస్తే మాత్రమేం, మళ్లీ మళ్లీ రాసుకుంటే సరిపోదా? లేదంటే ఇంకా చిక్కగా రాసుకోవచ్చు కదా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. 20 నిమిషాలకోసారి రాయాలంటే ఆరు గంటల బడి సమయంలో 18 సార్లు రాయాలి. ఏ టీచరూ, ఏ తల్లీ ఆ పని చేయలేరు. చేసినా ప్రతిసారీ చర్మం మీద మోతాదు పెరుగుతుంది. జెరానియోల్, సిట్రోనెల్లోల్, లిమోనిన్ వంటి ఈ నూనెలోని పదార్థాలు కొందరి చర్మానికి అలర్జీ తెప్పిస్తాయి. అందుకే యూరప్‌లో ఇవి ఒంటి మీద ఉండిపోయే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసే సబ్బుల వంటివాటిలో 0.01 శాతం దాటితే లేబుల్ మీద పేరు విడిగా రాసి తీరాలన్న నిబంధన ఉంది. కాబట్టి కాలం పెంచాలంటే మోతాదు పెంచాలి, మోతాదు పెంచితే చర్మానికి ముప్పు పెరుగుతుంది. ఈ నూనెను నేరుగా వాడినంతకాలం ఆ రెంటి నుంచీ ఒకేసారి తప్పించుకోలేం.

ఇంట్లో కలుపుకునే మిశ్రమాల బలహీనత కూడా ఇదే. సుగంధ తైలాలను చర్మానికి వాడేటప్పుడు పెద్దవాళ్లకు 1 నుంచి 2 శాతం మించకుండా కలపాలన్నది సాధారణంగా పాటించే హద్దు. అంటే 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు. పరీక్షలో 20 నిమిషాలు కూడా నిలవని మందులో ఉన్నది 10 శాతం. మరి ఈ రెండు శాతం ఎంతసేపు కాపాడుతుంది? చర్మానికి భద్రమైన మోతాదులో ఇది చక్కటి సువాసన నూనె అవుతుందే తప్ప డెంగీ నుంచి కాపాడే కవచం కాదు.

శాస్త్రవేత్తలు ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేయకపోలేదు. సిట్రోనెల్లాకు వెనీలాలోని వెనిలిన్ కలిపితే ఆవిరయ్యే వేగం తగ్గి, రక్షణ మూడు గంటల దాకా పెరిగిన సందర్భాలు 2011 సమీక్షలోనే ఉన్నాయి. అంతకంటే ఆసక్తికరమైనది మరో మార్గం. నిమ్మ వాసన వచ్చే ఒక రకం యూకలిప్టస్ ఆకుల నూనెలోనూ ప్రధానంగా ఉండేది సిట్రోనెల్లాలే. దాన్ని ఆమ్లంతో చర్య జరిపితే పీఎండీ అనే పదార్థం వస్తుంది. అది సిట్రోనెల్లాల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, అందుకే గంటల తరబడి పనిచేస్తుంది. అమెరికా అంటువ్యాధుల నివారణ సంస్థ సీడీసీ డీట్‌తోపాటు పీఎండీని కూడా దోమకాటు నివారణకు సిఫారసు చేస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం అది వద్దంటుంది. సహజమైన మూలం నుంచి వచ్చినదాన్ని ప్రయోగశాలలో కొంచెం మార్చితేనే అది పనికొచ్చింది. ప్రకృతి ఒక పక్క, రసాయనం ఒక పక్క అని గీత గీసేవాళ్లు దీన్ని ఏ పక్కన పెడతారు?

'డీట్ మాత్రం ప్రమాదం కాదా?' అన్నది మరో అభ్యంతరం. డీట్‌ను అమెరికా సైన్యం కోసం 1946లో తయారు చేశారు. 1957 నుంచి సామాన్యులు వాడుతున్నారు. అది ప్లాస్టిక్‌ను, కొన్ని సింథటిక్ బట్టలను పాడుచేస్తుంది, కళ్లలో పడితే మంట పుట్టిస్తుంది, మింగితే ప్రమాదం. కాని లేబుల్ మీద చెప్పినట్టు వాడితే తీవ్రమైన హాని అరుదని అరవై ఏళ్లకు పైబడిన వాడకంలో తేలింది. దానికి అనుకూలంగా ఉన్నది ఈ సుదీర్ఘ అనుభవమే. అందరూ డీటే వాడాలనీ కాదు. మన షాపుల్లో దొరికే దోమల క్రీముల్లో కొన్నిట్లో ఎన్,ఎన్-డైఇథైల్ బెంజమైడ్ ఉంటుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన కేంద్రం డెపా అనే మందును రూపొందించింది. ఏది ఎంచుకున్నా చూడాల్సింది సహజమా, కృత్రిమమా అని కాదు. ఎంతసేపు పనిచేస్తుంది, ఎవరికి భద్రం అన్నదే.

ఇంకొందరు అధికారిక ఆమోదాలను చూపిస్తారు. అమెరికాలో 1948లోనే సిట్రోనెల్లా కీటకాలను దూరం పెట్టే మందుగా నమోదైంది. ఆ తర్వాత అక్కడి పర్యావరణ సంస్థ దాన్ని కనీస ప్రమాదం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఆహారంలో వాసన కోసం అతి కొద్దిగా వాడటానికి అక్కడి ఆహార, ఔషధ సంస్థ అభ్యంతరం చెప్పదు. ఇవన్నీ నిజాలే. కాని వాటిని సరిగా చదవాలి. కనీస ప్రమాద జాబితాలోని పదార్థాలతో చేసిన మందును అమ్మడానికి, అది ఎంతసేపు పనిచేస్తుందో పర్యావరణ సంస్థకు రుజువులు చూపాల్సిన పని లేదు. ప్రమాదం తక్కువ అన్న ధ్రువీకరణ ప్రభావం ఎక్కువ అన్న ధ్రువీకరణ అయిపోదు. మరోవైపు కెనడా ఆరోగ్య శాఖ 2004లో, ఒంటికి రాసే సిట్రోనెల్లా మందుల భద్రతకు తగినంత సమాచారం లేదంటూ వాటిని దశలవారీగా తప్పించాలని ప్రతిపాదించింది. దాని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ జరిగింది. దాన్ని బట్టి ఈ నూనె విషమని చెప్పలేం. సహజమన్న కారణంతో పరీక్ష నుంచి మినహాయింపు దొరకదని మాత్రం చెప్పగలం.

మన పెద్దల మాట కూడా చర్చకు వస్తుంది. వేపాకు పొగ, సాంబ్రాణి పొగ వేసి వాళ్లు దోమలను తట్టుకోలేదా? ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మన దేశంలోని సైన్యం సిట్రోనెల్లాను దోమలకు వాడింది కూడా. నిజమే. కాని ఆ కాలం మలేరియా లేని కాలం కాదు. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించే నాటికి ఆ జ్వరం దేశమంతా ప్రాణాలు తీస్తోంది. సాయంత్రం పొగ, రాత్రి దోమతెర అన్న పద్ధతి చీకట్లో కుట్టే దోమలకు తగినది. డెంగీ తెచ్చే ఈడిస్ ప్రధానంగా పగలు కుడుతుంది. పిల్లలు బడిలో, పెద్దలు ఆఫీసులో ఉన్న వేళ దాని వేళ. 20 నిమిషాల మందుకు ఇది మరీ కష్టమైన పని.

సీసా మూత తీసేముందు

వాడాలనుకున్నవారు పాటించాల్సిన జాగ్రత్తలు కూడా ఆవిరి, చిక్కదనం అన్న రెండు లక్షణాల నుంచే వస్తాయి. చిక్కటి నూనెను నేరుగా చర్మానికి రాయకూడదు. కలిపిన నూనెనైనా ముందు మోచేతి లోపలి భాగంలో కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి చూడాలి. ఎర్రబడినా, దురద పెట్టినా, దద్దుర్లు వచ్చినా ఆ నూనె మీకు పడదని అర్థం. పుండ్లు, గీతలు, గజ్జి, ఎగ్జిమా ఉన్నచోట, కళ్ల దగ్గర, పెదవుల దగ్గర రాయవద్దు. చిన్నపిల్లల చేతులకు అసలు రాయకూడదు. చేతులు నోట్లోకి, కళ్లలోకి పోతాయి. రెండు నెలల లోపు పసికందులకు ఏ దోమల మందూ వద్దు, దోమతెరే దిక్కు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చర్మ వ్యాధులున్నవారు డాక్టరును అడిగాకే వాడాలి. ఉబ్బసం ఉన్న ఇంట్లో డిఫ్యూజర్లు, సువాసన అగరుబత్తులు గంటల తరబడి వెలిగించడం మంచిది కాదు. గాలి ఆడే గదిలో కొద్దిసేపు చాలు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మింగడం. సీసా చిన్నది, వాసన తియ్యనిది, పిల్లలకు ఆకర్షణ ఎక్కువ. సుగంధ తైలాలు మింగినప్పుడు కడుపులోకి పోవడంతో ఆగకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ముప్పుంది. అందుకే మింగిన పిల్లలకు వేలు పెట్టి వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు తాగించకూడదు. సీసా చేత పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి లేదా 108కి ఫోన్ చేయాలి. పెంపుడు పిల్లులున్న ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం. ఇలాంటి నూనెలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. వాటి ఒంటికి పూయడం గానీ, అవి ఉన్న గదిలో తలుపులు మూసి డిఫ్యూజర్ పెట్టడం గానీ చేయవద్దు. చేపల తొట్టి దగ్గరా చల్లవద్దు. ఈ నూనె మండే పదార్థం, కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా పెట్టాలి. దోమల మెషీన్ల ఖాళీ సీసాలలో దీన్ని పోసి వేడి చేయడం వంటి సొంత ప్రయోగాలూ వద్దు.

నూనె పాతబడటం కూడా ఒక జాగ్రత్తే. గాలి, వెలుతురు తగిలితే ఇందులోని పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి మారిపోతాయి. అలా మారినవి తాజా నూనె కంటే ఎక్కువ అలర్జీ తెప్పిస్తాయి. ముదురు రంగు గాజు సీసాలో, మూత గట్టిగా బిగించి, చల్లటి చోట ఉంచాలి. వాసన మారినా, జిగురుగా అయినా పారేయాలి. కల్తీ విషయమూ మరవకూడదు. పూర్వం శ్రీలంక నుంచి వచ్చే సిట్రోనెల్లా నూనెలో కిరోసిన్ కలిపేవారు. దాన్ని పట్టుకోవడానికి ఆల్కహాల్‌లో నూనె ఎంత కరుగుతుందో చూసే పరీక్షకు షిమ్మెల్ పరీక్ష అనే పేరే స్థిరపడింది. ఈ వ్యాపారంతోపాటే పుట్టిన జబ్బు అది. అందువల్ల మొక్క శాస్త్రీయ నామం, తయారీదారు పేరు, తేదీ లేని సీసా కొనవద్దు. దోమల మందుగా అమ్మే దాని మీద అసలు మందు పేరు, అది ఎంత శాతం ఉందో, 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడాలి. 'హెర్బల్' అని అమ్మే కొన్ని అగరుబత్తుల్లో మన దేశంలో అనుమతి లేని మెపర్‌ఫ్లూత్రిన్ వంటి మందులు దొరికిన ఉదంతాలున్నాయి. దోమలు మరీ టపటపా రాలిపోతుంటే అది గడ్డి మహిమ కాదేమోనని అనుమానించాలి. సిట్రోనెల్లా దోమను తరుముతుందే గాని చంపదు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ఇన్ని హద్దులు చెప్పాక సిట్రోనెల్లాకు చోటే లేదా అంటే, ఉంది. సాయంత్రం అరుగు మీద పావుగంట కూర్చునేటప్పుడు, మొక్కలకు నీళ్లు పోసి వచ్చేటప్పుడు, కాసేపు డాబా మీదికి వెళ్లేటప్పుడు, దోమల బెడద మామూలుగా ఉన్న చోట, తయారీదారు లేబుల్ మీద శాతం రాసిన సిట్రోనెల్లా మందు వాడుకోవచ్చు. నేల తుడిచే నీళ్లలో, సబ్బులో, గదిలో మంచి వాసన కోసం వాడుకోవచ్చు. అయితే ఊళ్లో డెంగీ ఉన్నప్పుడు, పిల్లలు పగలంతా బయట ఉండేటప్పుడు, పొలాల్లో, అడవి అంచున పని చేసేటప్పుడు, మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లేటప్పుడు దీని మీద ఆధారపడకూడదు. అక్కడ గంటల తరబడి నిలిచే నమోదైన మందు, నిండు చేతుల బట్టలు, దోమతెర, కిటికీలకు జాలీ కావాలి. నిజానికి ఏ మందైనా రెండో వరస రక్షణే. మొదటి వరస నీళ్లు నిలవకుండా చూసుకోవడం. కూలర్, పూలకుండీ పళ్లెం, వాటర్ ట్యాంకు మూత, డాబా మీద పడేసిన టైరు, కొబ్బరిచిప్ప ఇవన్నీ వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. ఆ పనికి ఖర్చు లేదు, అలర్జీ లేదు.

కాబట్టి ఈసారి సిట్రోనెల్లా సీసా కొనేటప్పుడు ఆకు బొమ్మను దాటి మూడు విషయాలు చదవండి. ఇందులో నూనె ఎంత శాతం, ఎంతసేపు పనిచేస్తుందని రాశారు, ఎవరు వాడకూడదని రాశారు. ఈ మూడింటికీ జవాబు లేని సీసాను సువాసన కోసం కొనుక్కోండి, రక్షణ కోసం కొనకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాన్ని అందనంత ఎత్తులో పెట్టండి. ఆ డబ్బులో కొంత మిగిల్చి ముందు కిటికీకి జాలీ కొట్టించండి.